త్సుబాకి నూనె రాసిన బల్బు

మా బుల్లి ట్రక్కు హెడ్‌లైట్లు మసకబారి చాలాకాలమైంది. ఎంత మసకంటే, చీకటి పడ్డాక కొండదారిలో పోతుంటే తనుకీలు, అదే మా కొండల్లోని మాయదారి అడవికుక్కలు, నాకు ముందు లాంతర్లు పట్టుకుని నడిచేవి. ఒక ముసలి తనుకీ అయితే అద్దం తట్టి, "తాతా, ఏమన్నా పారేసుకున్నావా?" అని కూడా అడిగింది. ఈ సంగతి మా ఆవిడ హత్సుయె మాత్రం నమ్మదు.

"ఈసారి తనిఖీలో బండి తప్పిందో, లైసెన్సు పోలీసు స్టేషన్లో ఇచ్చేసి రా," అంది. "డెబ్బై ఎనిమిదేళ్లొచ్చాయి. ఇచ్చేసినవాళ్లకి టాక్సీ కూపన్లు ఇస్తున్నారట."

"టాక్సీవాడు నాకు స్టీరింగ్ ఇస్తాడటే?"

తనిఖీవాళ్లు మా దీవికి ఓడెక్కి కొన్ని నెలలకోసారి వస్తారు. ఆ రోజు తప్పితే బండి షెడ్డులోనే పడుకోవాలి, నేను దాని పక్కన.

అందుకే ముందురోజు కొత్త బల్బుల జత కొన్నాను. బానెట్ ఎత్తి, వైరు పీకి, రబ్బరు తొడుగు తీసి, స్ప్రింగు కొక్కెం తప్పించి పాతవి లాగేశాను. ఒకటి నల్లబడింది, రెండోది పసుపెక్కింది. కొత్తవి చేతిలోకి తీసుకుంటే ముద్దొచ్చాయి. మా దీవిలో మెరవాల్సిన దేనికైనా త్సుబాకి నూనే రాస్తాం. కత్తికీ అదే, ఆడవాళ్ల జుట్టుకీ అదే. మా కొండమీది త్సుబాకి పూలచెట్ల గింజలే, మా గానుగే. బల్బేం పాపం చేసిందని రెండు చుక్కలు వేసి, గాజంతా నిగనిగలాడేలా రుద్ది బిగించాను.

మర్నాడు రేవులో వరుస. పక్క సీట్లో హత్సుయె, ఒళ్లో గుడ్డసంచి. తనిఖీ కుర్రాడు, పేరు కుసుమోతో, మా లైట్ల ఎదురుగా యంత్రాన్ని నిలబెట్టాడు.

"వెయ్యండి తాతగారూ."

వేశాను. అబ్బో, సూర్యుడు సిగ్గుపడి మబ్బు చాటుకెళ్లాడు. ఆ తర్వాత రెండు లైట్లలోనూ సన్నగా పొగ లేచింది. కుసుమోతో ముక్కెగరేశాడు.

"ఇదేంటండీ, మా నాయనమ్మ జుట్టు వాసనొస్తోంది?"

టప్‌మని కుడి బల్బు పేలింది. బోర్డు మీద ఎర్రగా × గుర్తు పడింది. నా లైసెన్సు జేబులోంచి వీడ్కోలు చెబుతున్నట్టనిపించింది.

"నూనె రాశారా?" కుసుమోతో నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నాడు. "వేలిముద్ర పడితేనే అక్కడ వేడెక్కి గాజు పోతుంది తాతగారూ. మీరు ఏకంగా తలంటు పోశారు. సాయంత్రం నాలుగులోపు మార్చుకొస్తే మళ్లీ చూస్తాను."

"దీవి మొత్తానికి కొట్టు ఒకటే," అన్నాను. "ఆఖరి జత నేనే కొన్నాను."

"ఆఖరిది కాదు, దాని ముందుది," అంది హత్సుయె.

సంచి విప్పింది. అందులో ఇంకో జత, దాని కింద తెల్లటి చేతితొడుగులు. పడుచుతనంలో ఆవిడ టూరిస్టు బస్సులో గైడు. ఆ తొడుగులు అప్పటివే. డ్రైవరు లైట్లు మారుస్తుంటే ఎన్నిసార్లు చూసిందో, తొడుగులేసుకుని, గాజుకి తగలకుండా అడుగున లోహం పట్టుకుని, గాట్లు సరిచూసి నొక్కింది.

"ఎడమది పేల్లేదు కదే, ఉంచుదాం," అన్నాను.

"అదీ తలంటు పోసుకున్నదే. ఇంకో నాలుగు రోజులకి పోతుంది. మారిస్తే రెండూ మార్చాలయ్యా."

మళ్లీ వరుసలోకెళ్లాం. బోర్డు మీద ○ పడింది, పాసయ్యామన్నమాట. కుసుమోతో వంగి దండం పెట్టాడు, నాకు కాదు, ఆ తొడుగులకి.

"ఏమే, నన్ను ఇంట్లో కూర్చోబెట్టాలని కదా నీ కోరిక," అన్నాను బండి కదిలించి. "మరి బల్బులెందుకు కొన్నావు?"

"కూర్చోబెట్టాక నీ తనుకీ కథలు పొద్దస్తమానం ఎవరు వింటారు? నువ్వు బల్బులకి నూనె రుద్దడం చూశాక రాత్రే ఆ ఆలోచన తట్టింది నాకు, పొద్దున్నే కొట్టుకెళ్లాను."

కొండ సొరంగంలో లైట్లేశాను. అవతలి చివర దాకా పట్టపగలైపోయింది. గోడవారన లాంతర్లు ఆర్పేసుకుని, ఉద్యోగం ఊడిన మొహాలతో తనుకీలు కూర్చున్నాయి.

"పాపం, మూడున్నాయి," అన్నాను.

హత్సుయె తెల్లతొడుగు చెయ్యి ఎత్తి, గైడులాగే అటు చూపించింది.

"నాలుగు," అంది. "ఆ మూల ఒకటి పడుకునుంది, చూసి నడుపు."