బస్సు కింద కూతురు

"ఎవడో నిద్రమత్తులో లారీ తెచ్చి దాని మీదికి ఎక్కిస్తే మన గతేం కాను?" అంది తల్లి, డ్రైవరు వెనక సీట్లో సర్దుకుంటూ. బస్సు ఇంకా స్టాండు కూడా దాటలేదు.

"ఒంటినిండా మెరిసే కోటు వేసుకుంటుందే! చీకట్లో కూడా కనిపిస్తుంది," అన్నాడు స్టీరింగు ముందున్న భర్త.

'అది' అంటే వాళ్ళ కూతురు. రోడ్డు మీద లారీలనూ బస్సులనూ ఆపి తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు.

ఊరు దాటగానే చెయ్యెత్తి బస్సు ఆపింది సాక్షాత్తూ ఆమే.

"కాగితాలు ఇవ్వండి, డ్రైవరుగారూ."

"చిత్తం, మేడమ్‌గారూ." బస్సంతా గొల్లుమంది.

చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టించి, బ్రేకు కదలిక గుర్తు పెట్టే సుద్దముక్క పట్టుకుని కూతురు బస్సు కిందికి దూరింది. "బ్రేకు తొక్కండి!" అని కిందనుంచి కేక. తల్లికి పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏమండీ, చూసి తొక్కండి! ఇంకోటేదైనా తొక్కేరు!"

"ఇంజనాపేశానే, తల్లీ!"

"ఆపినవి మాత్రం కదలవా ఏం?"

కూతురు ముఖాన గ్రీజుతో బయటికొచ్చింది. "వెనక బ్రేకు కడ్డీ హద్దు దాటి కదులుతోంది. ఈ బస్సు కదలడానికి వీల్లేదు," అంటూ అద్దానికి ఎర్రకాగితం అంటించింది.

"కన్నతండ్రి బస్సేనటగా! చూసీ చూడనట్టు వదిలెయ్యమ్మా," అన్నాడొక ప్రయాణికుడు.

"చూసేశానుగా, బాబాయ్! ఇక చూడనట్టెలా ఉంటాను?"

ఇంకో బస్సు వచ్చి అందరినీ ఎక్కించుకుపోయింది. తల్లి మాత్రం దిగలేదు. కిటికీ కింద తండ్రీ కూతుళ్ళు నిలబడ్డారు. బస్సు తీసేముందు రోజూ డ్రైవరు కిందికి వంగి చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఇవాళా సంతకం ఉంది.

"నాన్నా, పొద్దున్న వంగి చూశావా?"

చూశానంటే తప్పు డిపో మెకానిక్కు మీదికి పోతుంది. చూడలేదంటే ఇరవై ఆరేళ్ళుగా మచ్చలేని ఆయన సర్వీసుకు మెమో పడుతుంది. ఆయన రోడ్డు వైపు తిరిగాడు. రెండు లారీలు పోయాయి, మూడోదీ పోయింది. కూతురి కలం కాగితం మీద అలాగే ఆగి ఉంది. ఇక ఈ జన్మకు వీళ్ళిద్దరికీ మాటల్లేవనుకుంది తల్లి. ఈ గదిలోంచి ఆ గదికి వీళ్ళ మాటలు మోయలేక తన కాళ్ళు పడిపోవడం ఖాయం. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఈయన చిక్కి సగమైపోవడం అంతకన్నా ఖాయం. ఏం వినాల్సి వస్తుందోనని కిటికీలోంచి సగం బయటికి వంగింది.

"చూడలేదమ్మా," అన్నాడు చివరికి. "వంగితే లేవలేకపోతున్నాను. ఉన్నదున్నట్టు రాసుకో." ఆ పైన గొంతు బాగా తగ్గించాడు. "మీ అమ్మకు మాత్రం చెప్పకు."