రెండో చెంప

చెల్లెలు తన స్నానం బకెట్లో మోచేయి ముంచిందని అన్నయ్య ఇల్లు పీకి పందిరేశాడు.

"స్నానం చేసేది నేనా, నీ మోచెయ్యా?"

"వేడి చూశాను. అరచేతికి సరిగ్గా తెలీదు."

"నేనేమైనా మీ ఆశ్రమం ముసలాళ్ళలో ఒకణ్ణా?"

"వాళ్ళే నయం. ఇంత గొడవ చెయ్యరు."

అమ్మ నవ్వు దాచుకుంది. నాన్న పేపరు దించాడు. "బట్టల షాపు వాళ్ళు రాత్రికల్లా జవాబు చెప్పమన్నారమ్మా. కూర్చుని బిల్లులు కొట్టే పని. ఆలోచించుకో."

ఆమె తలూపి జడ ముడి వేసుకుంది. వృద్ధాశ్రమంలో చేరిన దగ్గర్నుంచి, మనుషుల్ని ఎత్తి కూర్చోబెట్టీ పక్కలు మార్చీ నడుం పట్టేస్తోంది. మానేద్దామనే ఉంది.

మగవాళ్ళ గదిలో కిటికీ పక్కన డ్రైవరు తాతయ్య అప్పటికే మెడకి తువ్వాలు చుట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. బతుకంతా బస్సు నడిపిన మనిషి. వెనక నుంచి "రైట్ రైట్" అంటే తప్ప చక్రాల కుర్చీ కదలనివ్వడు, పాదం నేలకి తన్నిపెట్టి ఆపేస్తాడు.

"కండక్టరమ్మా, జనం తగ్గారేంటి ఇవాళ?" అన్నాడు ఖాళీ మంచాల కేసి చూసి.

ఆమె మొదటిసారి ఆయనకి గడ్డం గీసినప్పుడు దవడ కింద తెగింది. ఆమె ఏడుపు మొహం చూసి ఆయనే నెత్తురు తుడుచుకున్నాడు. "బండికి గీత పడకుండా డ్రైవింగ్ నేర్చినవాడెవడే?" అని నవ్వాడు. ఆ తర్వాత ఇంకెవర్నీ రేజరు పట్టనివ్వలేదు.

ఇవాళ ఒక చెంప నున్నగా అయింది. రెండో చెంపకి నురగ పట్టించింది. ఆయన అలవాటుగా బుగ్గ పూరించాడు.

"నీళ్ళు చల్లబడ్డాయి, మార్చుకొస్తా. కదలకండి."

"ఎక్కడికి పోతాను, వెళ్ళిరా."

గిన్నెతో తిరిగొచ్చేసరికి ఆయన తల కుర్చీకి వాలిపోయి ఉంది. నురగ కింద బుగ్గ దిగిపోయింది.

అందరూ పెద్దక్క అని పిలిచే ఆయా నాడి పట్టుకుని చూసింది. డాక్టరు వచ్చి, అయిపోయిందని చెప్పి వెళ్ళాడు. ఇద్దరూ కలిసి ఆయన్ని మంచం మీద పడుకోబెట్టారు. నురగ తుడవబోయింది పెద్దక్క.

"ఉండక్కా, సగమే అయింది."

"ఆయన కూతురు బయల్దేరిందట. ఇప్పుడెందుకే ఇదంతా?"

"ఆవిడొచ్చేలోపు అయిపోతుంది."

ఆమె కొత్త నీళ్ళలో రేజరు కడుక్కుంది. "బుగ్గ పూరించండి తాతయ్యా," అనేసి, నాలుక కరుచుకుని, రెండు వేళ్ళతో చర్మం సాగదీసి పట్టుకుంది. చెవి పక్కనుంచి దవడ దాకా, దవడ నుంచి గొంతు దాకా నెమ్మదిగా గీసింది. ఎక్కడా తెగలేదు. మెత్తటి బట్టతో తుడిచి కాస్త పౌడరు అద్దింది. రోజూ అద్దం అడిగి చూసుకునేవాడు. అది గుర్తొచ్చాకే ఏడుపొచ్చింది.

ఎదుటి మంచం మీది మేష్టారు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. చేరిన నాటి నుంచీ గడ్డం మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వని మనిషి. ఆమె గిన్నె కడగడానికి లేస్తుంటే తన గడ్డం నిమురుకుని, "అమ్మాయీ, రేపు నీకు తీరికుంటుందా?" అన్నాడు.

రాత్రి భోజనాల దగ్గర నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తాడు. "షాపు వాళ్ళకి ఏం చెప్పను?"

ఆమె కంచంలో ముద్ద కలుపుతూ తలెత్తింది.

"రానని చెప్పెయ్యి నాన్నా. రేపు మేష్టారికి గడ్డం గీస్తానని మాటిచ్చి వచ్చాను."