బర్రె మెడ నుంచి తడక మెడకు

నేను ఒక గుదిబండను. అదేనండీ, కోపం వచ్చినప్పుడల్లా మీరు ఇంట్లోవాళ్ళ మీద పారేసే మాటే. అల్లుడు పని చేయకపోతే గుదిబండ, అత్త మంచం దిగకపోతే గుదిబండ, ఆఖరికి చెడిపోయిన మోటారు కూడా గుదిబండే. ఇన్నేళ్ళుగా నా పేరుతో తిట్టుకుంటున్నారు గానీ, అసలు గుదిబండను మీలో ఎంతమంది చూశారు? చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. మూరెడు పొడవు, తొడంత లావు ఉన్న తుమ్మ మొద్దును. పైన ఒక బెజ్జం, అందులో తాడు. చెప్పిన మాట వినని పశువు మెడకు నన్ను కడతారు. అది పరుగెత్తబోతే ముందుకాళ్ళకు తగులుతాను. అంతే నా ఉద్యోగం.

నిజానికి నేను నాగలి కావలసినదాన్ని. రేగుమడుగు ఊళ్ళో వడ్రంగం చేసే కనకాచారి నన్ను చెక్కుతూ చెక్కుతూ, కడుపులో సన్నటి పగులు కనబడేసరికి పెదవి విరిచి పక్కన పడేశాడు. కొన్నాళ్ళు ఆయన భార్య నా మీద కూర్చుని కూరగాయలు తరిగింది. ఆ తర్వాత బెజ్జం పెట్టించుకుని ఒక దొంగ ఎద్దు మెడకు చేరాను. ఊళ్ళో ఎవరి మొక్కజొన్న బాగుందో ఆ ఎద్దుకు తెలిసినంతగా వ్యవసాయ ఆఫీసరుకు కూడా తెలియదు. ఎద్దు ముసలిదైపోయాక కోళ్ళ గంప మీద బరువుగా మూడేళ్ళు పడి ఉన్నాను. లోపలి పుంజు పొద్దున లేస్తూనే నన్ను తిట్టేది. తిట్లు తినడం నా రాత.

ఆ గంప మీద నుంచి నన్ను ఎత్తుకెళ్ళింది ఓదెమ్మ. ఆమెకు ఇద్దరు కొడుకులున్నా, మంచీ చెడూ చెప్పుకునేది మాత్రం తన బర్రె సుక్కితోనే. నుదుట తెల్ల చుక్క ఉంటుంది కాబట్టి సుక్కి. దూడగా ఉన్నప్పుడే తల్లి చనిపోతే, ఓదెమ్మ సీసాతో పాలు పట్టి పెంచింది. గారాబం చేస్తే ఏమవుతుంది? సుక్కి ఊరి మందకు పెద్దదైంది. అది లేస్తే వెనక ఇరవై రెండు బర్రెలు లేస్తాయి, అది కూర్చుంటే కూర్చుంటాయి. సర్పంచికి కూడా ఆ ఊళ్ళో అంత చెల్లుబడి లేదు.

చిక్కంతా ఇప్పవాగు దగ్గర వచ్చింది. వాగు ఇసుకలో మోకాలి లోతు గుంట తవ్వితే తేటనీళ్ళు ఊరుతాయి. దాన్నే చెలిమె అంటారు. కింది వాడకు నల్లా ఉంది, నీళ్ళూ వస్తాయి. అయినా నల్లా నీళ్ళతో పప్పు ఉడకదని, తాగడానికీ వండడానికీ చెలిమెకే వస్తారు. సరిగ్గా ఆ చెలిమెకు ఎగువన ఉన్న మడుగులోకే సుక్కి రోజూ మధ్యాహ్నం మందను దింపేది. పొద్దు వాలేదాకా అక్కడే పొర్లడం, అక్కడే పేడ.

ఆ ఎండాకాలం కింది వాడలో వాంతులు, బేదులు పట్టుకున్నాయి. ఆ వాడలోనే ఉండే పోసక్క మనుమరాలు, మూడేళ్ళ పిల్ల, నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి చిక్కి శల్యమై వచ్చింది. ఊళ్ళోకి వచ్చిన ఆస్పత్రి నర్సమ్మ చెలిమెను చూసింది, తలెత్తి మడుగులోని మందను చూసింది.

"మీదికెల్లి బర్లు పెండ ఏస్తయి, కింద మీరు బిందెలు ముంచుతరు. ఇగ రోగం రాక ఏమొస్తదమ్మా?" అంది.

ఆ సాయంత్రమే పోసక్క నలుగురినీ వెంటబెట్టుకుని ఓదెమ్మ వాకిట్లో నిలబడింది. "ఏం జేస్తవో నాకు తెల్వది ఓదెమ్మా. నీ సుక్కి ఇంకొక్కపారి వాగుల దిగిందంటె, బుధారం అంగడికి తోలి అమ్ముడే" అంది. నలుగురూ తల ఊపారు. చిక్కిపోయిన పిల్ల పోసక్క చంకలోనే ఉంది, ఓదెమ్మ మాత్రం ఏమని వాదిస్తుంది?

అందుకే నన్ను తెచ్చి సుక్కి మెడకు కట్టింది. కడుతూ ఏడ్చింది కూడా. రెండు రోజులు నా ఉద్యోగం నేను నిక్కచ్చిగా చేశాను. మూడో రోజు మిట్టమధ్యాహ్నం సుక్కి నన్ను కాళ్ళతో తన్నుకుంటూ, ఇసుకలో ఈడ్చుకుంటూ, అడుగులో అడుగేసి మడుగులోకి దిగింది. దిగగానే నేను తేలాను. కట్టినవాళ్ళకూ తట్టలేదు, చెక్కినవాడికీ తట్టలేదు, కొయ్య నీళ్ళలో తేలుతుందని! చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకూ ప్రాణం హాయిగా లేచొచ్చింది. సుక్కి నా వైపు ఓరగా చూసింది. దానికి సంగతి అర్థమైపోయింది.

బిందెతో వచ్చిన పోసక్క కంట పడనే పడ్డాం. ఓదెమ్మ పరుగున వచ్చి సుక్కిని గట్టుకు లాగింది. గట్టు మీద నా బరువు మళ్ళీ మెడకు తగలగానే సుక్కి వెనుదిరిగి నీళ్ళలోకి నడిచింది. మళ్ళీ లాగింది, మళ్ళీ దిగింది. మూడోసారి ఓదెమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయి, ఏడుపులోంచి పకపకా నవ్వింది.

"ఓసి నీ తెలివి సల్లగుండ! బరువు దిగుతదని పోతున్నవానే?"

కాలుతున్న ఇసుకలో నిలబడలేక తను కూడా నీళ్ళలో పాదాలు పెట్టింది. అప్పుడే ఆమెకు ఏదో తట్టి పోసక్క వైపు తిరిగింది. "వదినె, ఇది తాగుతందుకు వస్తలేదే. నల్ల తోలు ఎండకు మాడుతుంటె సల్లవడతందుకు వస్తున్నది. దీనికి నీళ్ళు కావాలె, బురద కావాలె. ఈ వాగు నీళ్ళే కావాల్నని ఎక్కడున్నది? నా చేన్ల గుంట తవ్వుత, బుధారం దాక ఓపిక వట్టు" అంది.

పోసక్క ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు తెల్లవారేసరికి పార పట్టుకుని ఓదెమ్మ చేన్లో దిగింది. "నీ మొకం సూసి రాలే, నా మనుమరాలి కోసం వచ్చిన" అని ముందే చెప్పేసింది. చెప్పాక మాత్రం ఇద్దరు మగాళ్ళ పని చేసింది.

వాగుకు దూరంగా, కానుగ చెట్టు నీడన పెద్ద గుంట తవ్వారు. బోరు పైపు అందులోకి మళ్ళించారు. తాగడానికి పక్కనే సిమెంటు గోలెం కట్టారు. వాగు గట్టు పొడవునా ముళ్ళకంప నాటి, చెలిమెకు వెళ్ళేవాళ్ళ కోసం ఒక్క చోట తడక తలుపు పెట్టారు.

బుధవారం వచ్చింది. అంగడికి పోయే ట్రాలీ ఆటో రోడ్డు మీద హారన్ కొడుతోంది. ఊరంతా గుంట గట్టు మీదే ఉంది. ఓదెమ్మ నేరుగా సుక్కి దగ్గరికి వచ్చి నా ముడి విప్పేసింది.

"అగో, ఇప్పుతున్నవేందే?" అని పోసక్క అరిచింది.

"కట్టి ఆపితె ఆపినట్టా వదినె? అదే రావాలె" అంది ఓదెమ్మ. మాట ధీమాగానే ఉంది, చేతులు మాత్రం విప్పిన నా తాడునే మెలిపెడుతున్నాయి. నన్ను పట్టుకున్నది ఆ చేతులే కదా, నాకు తెలియదా?

సుక్కి తిన్నగా వాగు వైపే నడిచింది. కంప దగ్గర ఆగి ముక్కు ఎగరేసింది. ఓదెమ్మ కళ్ళు మూసుకుంది. అప్పుడు పైపు నీళ్ళు గుంటలో దబదబా పడుతున్న చప్పుడు సుక్కి చెవిన పడింది. చెవులు ఆడించింది, తిరిగింది, ఇక చూడండి! మెడలో నేను లేని తొలి పరుగు. గుంటలో దభీమని పడేసరికి బురద చింది పోసక్క కొత్త చీర పాడైంది. వెనకే ఇరవై రెండు బర్రెలు దిగాయి. పోసక్క ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి తిడుతూ కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. ట్రాలీ ఆటో ఖాళీగానే వెళ్ళిపోయింది.

బర్రెలు ఒక్క పూటలో దారి నేర్చుకున్నాయి. మనుషులకు నెల రోజులైనా తడక మూయడం రాలేదు. ఒకరి నెత్తి మీద బిందె, ఒకరి చెవిలో ఫోను, అందరికీ తొందరే. తెరిచిన తడకలోంచి ఒక బర్రె దుడ్డె చెలిమె దాకా వెళ్ళిన రోజున, ఓదెమ్మ నన్ను తీసుకుని కనకాచారి ఇంటికి వెళ్ళింది. ముసలాయన నన్ను అటూ ఇటూ తిప్పి, పాత పగులు మీద వేలు రాసి గుర్తుపట్టాడు. గుంజ పంగలోంచి తాడు పోనిచ్చి, ఒక కొస తడకకూ ఇంకో కొస నాకూ కట్టాడు. తడక తెరిస్తే నేను పైకి లేస్తాను. మనిషి దాటగానే నా బరువుతో నేను దిగుతాను, తడక దానంతటదే మూసుకుంటుంది. బుద్ధి రావలసిన పశువు ఎవరో ఓదెమ్మకు తెలిసిపోయింది.

ఇప్పుడు సుక్కి సాయంత్రాలు అటుగా వెళ్తూ ఆగి, నాకంటిన చెమట ఉప్పు నాకి పోతుంది. పోసక్క మనుమరాలు ఒళ్ళు చేసి, నా తాడు పట్టుకుని ఊగుతోంది.

మొన్న పోసక్క కోడలు నీళ్ళకు వస్తూ, వెనక నుంచి జాగ్రత్తలు చెబుతున్న అత్త మీద విసుక్కుంది. "నా మెడకు గుదిబండవైనవ్ అత్తా!" అంది.

పోసక్కకు కోపం రాలేదు. నా వైపు చూసి నవ్వింది. "ఔనే, గుదిబండనే. నువ్వు మర్సిపోయిన తలుపు నీ ఎనుక ఎవలు ఏస్తున్నరనుకున్నవ్?" అంది.

ఇన్నేళ్ళ తిట్లూ ఆ ఒక్క మాటతో చెల్లు. కోడలు నవ్వుతూ దాటగానే, నేను ఎన్నడూ లేనంత గట్టిగా తడక మూశాను.