చరిత మింగిన మాటలు

డెన్వర్‌లో పప్పు ఉడకాలంటే గుంటూరు కంటే రెండు విజిళ్లు ఎక్కువ రావాలి. ఎత్తు మీది ఊరు, గాలి పలచన. ఈ సంగతి చరిత పదేళ్లుగా చెబుతోంది. అయినా పప్పు పలుకుగా ఉంటే తప్పు ఆమెదే. "కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అట, కందిపప్పు ఉడకబెట్టలేదు" అనేవాడు మొగుడు దామోదర్. చరిత జవాబు మింగేసి కుక్కర్ మళ్లీ పొయ్యెక్కించేది.

మింగిన జవాబులు ఎక్కడికీ పోలేదు. ఊపిరితిత్తుల్లో గాలిగా నిలవయ్యాయి. డాక్టర్ మీనాక్షి ఎక్స్‌రే చూసి, "ఎడమవైపు నిండిపోయింది. కుడివైపు ఇంకో ఏడాదికి చోటుంది" అని చెప్పి విటమిన్ డి రాసింది. ఆవిడ ఎవరికైనా విటమిన్ డియే రాస్తుంది.

2011 ఆగస్టులో పక్క ఊరి కాలేజీవాళ్లు చరితకి ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు. వీసా కూడా వాళ్లే చేస్తారట. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం పదిహేనో తారీకు సోమవారంలోగా చూపించాలి. అవి దామోదర్ ఆఫీసు సొరుగులో ఉన్నాయి. ఇంట్లో అయితే పోతాయని, ఈ దేశం వచ్చిన కొత్తలోనే తీసుకెళ్లి తాళం వేశాడు. పెళ్లాం డిగ్రీకి అంత భద్రత ఇచ్చిన మొగుణ్ణి డెన్వర్‌లో ఇంకొకణ్ణి చూపించండి.

అదే ఆఫీసులో పనిచేసే లక్ష్మీపతి ఇంట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందు జరిగినప్పుడు, చరిత అందరి ముందే అడిగింది.

"ఏమండీ, సర్టిఫికెట్లు తెచ్చివ్వండి."

దామోదర్ కొండల్లో యాభై కిలోమీటర్ల పరుగుకి ఆరు నెలలుగా ట్రెయిన్ అవుతున్నాడు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పే వాచీ పెట్టుకుని, అడగనివాళ్లకి కూడా ఆ నంబరు వినిపిస్తాడు.

"వచ్చే శనివారం రేసులో నాకంటే ముందు రా, ఇస్తాను. మెట్లెక్కితేనే ఆయాసం నీకు!"

అందరూ నవ్వారు. లక్ష్మీపతి నోట్లో పెరుగువడతో నవ్వి చొక్కా పాడుచేసుకున్నాడు. కూతురు ఇషాని స్కూల్లో దింపాక చరిత రోజూ చెరువు చుట్టూ పరుగెత్తుతుందని అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ చెప్పలేదు.

"సరే," అంది చరిత. మిగతాది మింగింది.

రేసు తెల్లవారుతూనే మొదలైంది. ఇరవై కిలోమీటర్ల దాకా దామోదరే ముందు. పన్నెండు వేల అడుగుల ఎత్తున, కనుమ కింద, పీల్చడానికి గాలి లేకుండా పోయింది. పెద్ద పెద్ద రన్నర్లు రాళ్ల మీద కూలబడ్డారు. అప్పుడు చరిత నోరు తెరిచింది.

జవాబులు పైనుంచి వచ్చాయి, కొత్తవి ముందు.

"ఆయాసం మెట్లెక్కి కాదు, మీ మాటలు మోసి!" వంద గజాలు ఎక్కింది.

"పిల్లకి జ్వరమొస్తే నా నిర్లక్ష్యం, మార్కులొస్తే మీ పోలికా?" ఇంకో రెండొందలు.

"ఖాళీగా ఉన్నానా? మరి మీ చొక్కాలు వాటంతటవే ఇస్త్రీ అవుతున్నాయా?"

ఒక్కోటి నిప్పుల మీంచి తీసినట్టుంది. ముందు నడుస్తున్న అమెరికన్ ముసలాయన తెలుగు రాకపోయినా పక్కకి తప్పుకున్నాడు.

కనుమ అంచున దామోదర్ మోకాళ్లు పట్టుకుని నిలబడ్డాడు. "చరితా... ఆగు."

అడుగున ఉన్న జవాబు అప్పుడు లేచింది. అది 2001 నాటిది.

"ఆ సర్టిఫికెట్ల మీద పేరు నాది. తాళం వేయడానికి నువ్వెవడివిరా?"

ఆ ఒక్కదానితో కొండ దిగి ముగింపు గీత దాటేసింది.

దామోదర్ రెండు గంటల తర్వాత వచ్చాడు. పాట్‌లక్ జనమంతా అక్కడే ఉన్నారు, పులిహోర పొట్లాలతో సహా.

"బావా, తాళంచెవి?" అన్నాడు లక్ష్మీపతి.

సరదాకన్నానని చెప్పడానికి దామోదర్ నోరు తెరిచాడు. మాటకి ఊపిరి లేదు. మళ్లీ తెరిచాడు. చేప కూడా అంతకంటే నయం.

"వద్దంటే వద్దనండి," అంది చరిత.

అనలేకపోయాడు. "ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టే," అంటూ లక్ష్మీపతి అతని జేబులో చెయ్యి పెట్టాడు. పెళ్లిచూపుల్లో చరిత ఊరుకుంటే కూడా పెద్దలు అదే అన్నారు కనక ఎవరికీ తప్పనిపించలేదు.

ఆదివారం సర్టిఫికెట్లు ఇంటికొచ్చాయి. సోమవారం కాలేజీకి వెళ్లాయి. దామోదర్‌కి మాటకి సరిపడా ఊపిరి మంగళవారం మధ్యాహ్నం వచ్చింది.

"ఇవ్వను!" అన్నాడు, గోడలు అదిరేట్టు.

వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. చరిత ఇషాని తీసుకుని, కాలేజీ ఊళ్లో అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లింది.