బాలశౌరి అభ్యంతరం

కన్నకూతురి పెళ్ళికి కన్నతండ్రే చర్చిలో లేచి అభ్యంతరం చెప్పడం ఉయ్యూరు చుట్టుపక్కల అంతకుముందు ఎవరూ ఎరగరు. బాలశౌరి చెప్పాడు. అదీ ఆదివారం పూజలో, జనం కిటకిటలాడుతుండగా. ఫాదరుగారు పెళ్ళి ప్రకటన చదివి, "ఎవరికైనా ఆటంకం తెలిస్తే చెప్పండి" అన్నారో లేదో, ఉత్తరీయం సర్దుకుని నిలబడ్డాడు.

"నాకు తెలుసండీ. పెళ్ళికొడుక్కి కళ్ళు కనపడవు."

ఆడవాళ్ళ వైపు కూర్చున్న పెళ్ళికూతురు తెరేసమ్మకి తల కొట్టేసినట్టయింది. మరియదాసు కళ్ళకేం, నిక్షేపంగా ఉన్నాయి! కాకపోతే రైలింజను ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఎర్రదీపానికీ పచ్చదీపానికీ తేడా చెప్పలేకపోయాడని తిప్పి పంపారు. పాపం, బళ్ళో మేష్టరుగా కుదురుకున్నాడు. ఆ సంగతి ఎవరో పుణ్యాత్ములు బాలశౌరి చెవిన వేశారు. ఇంకేముంది!

"ఆ రక్తం మనింట్లోకొస్తే పుట్టేవాళ్ళంతా గుడ్డివాళ్ళే. మన వంశంలో అలాంటివి లేవు," అని ఇంటికొచ్చాక ఒకటే రంకె.

తెరేసమ్మ బెజవాడలో కళ్ళ డాక్టరు ఛాయాదేవిగారి దగ్గర నర్సు. తండ్రి మొండితనం తెలిసిన పిల్ల కాబట్టి ఏడుస్తూ కూర్చోలేదు.

"మా డాక్టరమ్మగారినే అడుగుదాం నాన్నా. గుడ్డివాళ్ళు పుడతారంటే నేనే ఈ పెళ్ళి మానుకుంటాను. పుట్టరంటే నువ్వు మళ్ళీ నోరెత్తకూడదు."

అనడమైతే అంది గానీ, ఆవిడేం చెబుతుందోనన్న భయంతోనే ఇన్నాళ్ళూ అడగలేదు మరి. మరియదాసు లేని ఇల్లు ఆమె ఊహకే అందలేదు.

అమ్మ అమలమ్మతో సహా అందరూ బస్సెక్కి బెజవాడ వెళ్ళారు. మరియదాసు అక్కడికే వచ్చాడు. ఛాయాదేవిగారు సంగతంతా విని, బల్ల మీద రంగురంగుల ఊలు ముక్కలు కుప్పగా పోసి, ఆకుపచ్చవన్నీ ఏరమన్నారు. మరియదాసు ఒకటి తీశాడు, అనుమానంగా చూసి మళ్ళీ పెట్టేశాడు. ఇంకోటి తీశాడు, అదీ పెట్టేశాడు.

"ఈ మాత్రం దానికి ఇంతసేపా? జరుగవయ్యా!" అంటూ బాలశౌరి చొరబడి చకచకా ఏరి పక్కన పెట్టాడు. చేతులు కట్టుకుని, చూశారా అన్నట్టు నిలబడ్డాడు.

ఆయన ఏరినవాటిలో ఆకుపచ్చవి ఉన్నాయి. ఇటుకరంగువీ ఉన్నాయి, ఎర్రవీ ఉన్నాయి!

ముందుగా అమలమ్మకి నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"ఓరి నీ దుంపతెగ! పండుమిరపకాయలు కోసుకురమ్మంటే పచ్చివీ కలిపి తెచ్చేది ఇందుకా? నన్ను ఏడిపించడానికేనని ఇన్నేళ్ళూ నీతో పోట్లాడి చచ్చాను కదయ్యా!"

బాలశౌరి మొహం పాలిపోయింది. "అంటే... నాక్కూడానా? మరి ఇది నా బిడ్డకి..."

"ఈ రంగుల లోపం మీ నుంచి అమ్మాయికి వచ్చిందండీ," అన్నారు ఛాయాదేవిగారు. "తనకి అన్ని రంగులూ తెలుస్తాయి, కానీ లోపల దాచుకుని పిల్లలకి ఇస్తుంది. అబ్బాయి దగ్గరా అదే ఉంది కాబట్టి మగపిల్లల్లోనే కాదు, ఆడపిల్లల్లోనూ కొందరికి రావచ్చు."

తెరేసమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"అయితే గుడ్డివాళ్ళేనా పుట్టేది?" అన్నాడు బాలశౌరి.

"కాదండీ. వస్తే గిస్తే మీలాగా పుడతారు."

"నాలాగానా?"

"అచ్చం మీలాగా. వ్యవసాయం చేసుకున్నారు, సంసారం ఈదారు, పిల్లని చదివించారు. మీకేం తక్కువైంది చెప్పండి?"

బాలశౌరి ఆలోచించాడు. ఎంత ఆలోచించినా తనకేం తక్కువైందో తోచలేదు. మెల్లగా మీసం కింద నవ్వు మొలిచింది. పెద్దదైంది. మరియదాసు భుజం మీద దబ్బున ఒక్క చరుపు చరిచాడు.

"పెళ్ళి చీరలు కొనడానికి మాత్రం మనిద్దరం వెళ్ళొద్దయ్యా, అల్లుడూ!"

అల్లుడన్న మాట ఆయన నోట రావడం అదే మొదలు. తెరేసమ్మ తాను నర్సునన్న సంగతి కూడా మర్చిపోయి, డాక్టరుగారి ఎదుటే భోరుమని ఆనందంతో ఏడ్చేసింది.