రెండు గాట్ల పెట్రోలు

కారు ముందు సీటు మెత్తను ఎత్తి పక్కన పెట్టి, ఎలీషా ట్యాంకు మూత విప్పి, గాట్లు పెట్టిన కర్రపుల్లను నిటారుగా లోపలికి దించాడు. అడుగు తగిలాక మూడు అంకెలు లెక్కపెట్టి పైకి తీశాడు. తడి రెండో గాటును దాటి ఒక గోరంత పైకి పాకింది. రబ్బరు గొట్టంతో కొంచెం పెట్రోలు సీసాలోకి తోడి మళ్లీ కొలిచాడు. ఈసారి తడి సరిగ్గా గాటు మీద నిలిచింది. ఆ పుల్లను వెలుతురుకు పట్టి రెండోసారి చూశాడు. ఏదైనా ఒక్కసారి చూసి నమ్మే అలవాటు ఆయనకు లేదు.

ఆయనకు అరవై ఆరేళ్లు. బక్కపలచని మనిషి. వేలి గణుపుల్లోని నల్లటి జిడ్డు ఏ సబ్బుకూ లొంగలేదు. ఆదివారం ప్రార్థనలో చేతులు జోడించినప్పుడు పక్కవాళ్లకు కాస్త నూనె వాసన వచ్చేది. మదనపల్లె శివారులో మిషనువారు నడిపిన ఒక చిన్న వైద్యశాలలో ఇరవై రెండేళ్లు డ్రైవరుగా పనిచేశాడు. ఆ వైద్యశాల మూతపడినప్పుడు దొరగారు గోడగడియారం బహుమతిగా ఇస్తామంటే, గడియారం వద్దు, తాను నడిపిన, తుక్కుకు పోనున్న నల్ల అమెరికా కారు ఇప్పించండని అడిగాడు. తరువాత పుంగనూరులో ఒక పెద్దింటి కొట్టంలో కోళ్లు గుడ్లు పెడుతున్న ఇంగ్లీషు కారొకటి దొరికింది. దానికి ఇంజను లేదు. కుప్పం సంతలో కొన్న చక్రాల మీద దాన్ని ఎద్దులతో లాగించుకొచ్చాడు. ఊరు ఆయనను రెండు కార్ల జమీందారని ఎగతాళి చేసింది. ఆయన నొచ్చుకోలేదు. రోజూ ఉదయం కాఫీ తాగి రేకుల కొట్టంలోకి వెళ్లి, ఏదో ఒక భాగం విప్పి, అది ఎందుకు అలా ఉందో తెలుసుకుని, మళ్లీ బిగించేవాడు. బిగించేటప్పుడు కన్నా విప్పేటప్పుడే ఆయన ముఖం వెలిగేదని భార్య హన్నా అనేది.

యుద్ధం ముగిసి ఏడాదైనా పెట్రోలు ఇంకా కూపన్ల మీదే దొరుకుతోంది. నాలుగు నెలల కూపన్లు ఆయన ఈ ఒక్క రోజు కోసం దాచాడు.

దాచడానికి కారణం పంతొమ్మిదేళ్ల నాటిది. తంబళ్లపల్లె వైపు ఒక మెట్టపల్లెలో ఒక పిల్ల రెండు రోజులుగా కాన్పు కాక బాధపడుతోందని కబురొచ్చింది. నర్సు శాంతకుమారినీ, కబురు తెచ్చిన మనిషినీ, మందుల పెట్టెలనూ ఆ నల్ల కారులోనే ఎక్కించుకుని ఎలీషా బయలుదేరాడు. ఊరికి మైలు దూరంలో, గుండ్లమిట్ట సగం ఎక్కాక ఇంజను ఆగిపోయింది. ఆ ముందు రాత్రి వాన కురిసింది. ఇంజనుకు నిప్పురవ్వ అందించే కరెంటు పెట్టె తడిసిందనుకుని ఆయన దాన్ని విప్పి తుడిచి ఎండబెట్టాడు. గంట గడిచింది. ఇక లాభం లేదని శాంతకుమారి సంచీ పట్టుకుని నడిచి వెళ్లేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. కారును కిందికి దొర్లించి చదునులో ఇంజను హ్యాండిలు తిప్పితే ఒక్క తిప్పుకే అందుకుంది. పెట్టె ఎండిందని ఆయన నమ్మాడు. దేవుని చిత్తమని పాస్టరుగారు నమ్మారు.

పోయిన వేసవిలో మదనపల్లె సంతకు మేకలు అమ్మడానికి వచ్చిన ఒక ముసలామె ఆయనను గుర్తుపట్టింది. ఆ పిల్ల తల్లి సిద్ధమ్మ. కూతురు సుఖంగా ప్రసవించాలని, మిట్ట గంగమ్మకు కాన్పుకు ముందే కోడినిస్తానని తాను మొక్కుకుందట. అయితే ఆ కోడి అప్పుడు గుడ్ల మీద పొదుగుతూ ఉంది, పిల్లలు లేచాక ఇద్దామని వాయిదా వేసింది. అందుకే గంగమ్మ కారును పట్టుకుందట. అప్పటినుంచి ఏటా ఒక కోడిని ఇస్తోంది. "నీ కారుదేం తప్పు లేదప్పా, నీ మనసులో ఏం పెట్టుకోవద్దు" అని ఆయననే ఓదార్చి వెళ్లింది.

ఆ ఓదార్పు ఆయనను నిద్రపోనివ్వలేదు. పొదుగుతున్న కోడికీ ఆగిన ఇంజనుకూ మధ్య దారి ఎక్కడుందో ఎంత వెదికినా కనిపించలేదు. తరువాత నెలలో, అడుగుభాగం చూడటానికని కారు ముందు చక్రాల కింద దుంగలు పెట్టి ఎత్తినప్పుడు, తిరుగుతున్న ఇంజను దగ్గి ఆగిపోయింది. పుల్ల దించి చూస్తే తడి రెండో గాటు మీద ఉంది. దుంగలు తీసేస్తే మళ్లీ నడిచింది. ఎలీషా కొట్టంలోనే నేల మీద చతికిలబడ్డాడు. ట్యాంకు సీటు కింద, ఇంజను ముందు. ముక్కు పైకి లేస్తే, పెట్రోలు తక్కువగా ఉంటే, అది వెనక్కి పోయి నిలుస్తుంది. ఇంజనుకు అందదు.

ఇది తెలియని సంగతి కాదు. హార్స్లీ కొండకు దొరలను తీసుకెళ్లే ప్రతి వేసవిలోనూ ఆయన కారును వెనక్కి తిప్పి, వెనకవైపుగానే ఘాటు రోడ్డు ఎక్కించేవాడు. అప్పుడు ట్యాంకు ఎత్తున ఉంటుంది, పెట్రోలు దానంతటదే దిగుతుంది. ఆ కాలపు డ్రైవర్లందరి పద్ధతీ అదే. కానీ కొండంటేనే వెనక్కి తిప్పేవారు. మిట్టకు మాత్రం ఎవరూ అలా తిప్పలేదు, అది నామోషీ. ఆ రోజు ట్యాంకులో రెండు గాట్లే ఉన్నాయని ఆయనకు ఇప్పటికీ గుర్తు.

అయినా కొట్టంలో దుంగల మీద జరిగింది మిట్ట మీద జరిగి తీరుతుందని చెప్పలేం. అందుకే అదే కొలత పెట్రోలు, అంతే బరువు, అదే మిట్ట. బరువు కోసం రెండు వేరుశనక్కాయల మూటలూ, వాటి యజమాని రెడ్డెప్పా సిద్ధమయ్యారు. రెడ్డెప్ప ఆయన పొరుగు రైతు.

మిట్ట మొదలుకు చేరేసరికి ఎండ ముదిరింది. అక్కడ కారు ఆపి, ట్యాంకు మళ్లీ కొలిచి, సీసాలోదీ వెంట తెచ్చిన డబ్బాలోదీ పోసి రెండో గాటుకు తెచ్చాడు. తిరిగి హ్యాండిలు తిప్పినప్పుడు ఆయన ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి, నుదుట చెమట పట్టింది. రెడ్డెప్ప అది గమనించి హ్యాండిలు లాక్కున్నాడు.

"ఇది ఆగితే నీకేమొస్తాది, ఆగకపోతే ఏమొస్తాది ఎలీషప్పా?"

"ఆగకపోతే ఏమీ తెలీదు. ఆగితే తప్పు నాదని తెలుస్తాది."

"ఇంత దూరం వచ్చి తప్పు నీదే కావాలని సూసే మనిషిని నేను యాడా సూడలేదప్పా."

కారు మిట్ట ఎక్కసాగింది. సగం దాటాక ఇంజను రెండుసార్లు దగ్గింది, మూడోసారి ఆగిపోయింది. ఆయన చేతి బ్రేకు లాగి, రెండు చేతులూ స్టీరింగు చక్రం మీద పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. వెదికినది దొరికింది.

పొదల్లో మేకలు మేపుతున్న సిద్ధమ్మ కర్ర పట్టుకుని దిగివచ్చింది. కారును పోల్చుకుని ఆగింది.

"మళ్లా పట్టుకునిందా?"

"ఎవరూ పట్టుకోలేదమ్మా. తిప్పి చూపిస్తా, ఎక్కు."

ఆమె మేకలను రాయి దగ్గర వదిలి, వేరుశనక్కాయల మూట మీద కూర్చుంది. కారును చదునుకు దొర్లించి, ముక్కు కిందికీ వెనకభాగం పైకీ వచ్చేట్టు తిప్పారు. రెడ్డెప్ప హ్యాండిలు తిప్పాడు. ఎలీషా కారును వెనక్కి నడిపే నడిమి పెడలును కాలితో బిగబట్టి, మెడ వెనక్కి తిప్పి, మిట్టను చూస్తూ నడిపాడు. ఇంజను ఒక్కసారైనా దగ్గలేదు. ఆగిన చోటు దాటింది. సిద్ధమ్మ మాత్రం ముందుకే తిరిగి కూర్చుని, కిందికి జారిపోతున్న దారిని రెప్ప వేయకుండా చూసింది.

ఊరి మొదట్లో ఆపి ఆయన దిగాడు. మళ్లీ హ్యాండిలు తిప్పే ఓపిక లేక ఇంజనును నడుస్తూనే ఉంచాడు. పెట్రోలు సంగతీ, కొండ సంగతీ, మిట్టకు తిప్పకపోవడమూ, అన్నీ పొడిపొడిగా చెప్పాడు.

"నాకు ఆ పని తెలుసమ్మా. ఆ పొద్దు బుర్రకి తట్టలేదు. తట్టింటే నీ బిడ్డ ఉండేదేమో. నీ కోడికి దీంతో సంబంధం లేదు."

సిద్ధమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పంతొమ్మిది కోళ్లు ఊరికే తినిందా ఆ యమ్మ" అంది చివరికి. రెడ్డెప్ప నవ్వబోయి తల దించుకున్నాడు. ఆమె ఎలీషా ముఖంలోకి చూసింది. "నా నెత్తి మీదిది దించి నీ నెత్తికి ఎత్తుకుంటాండావు. అందుకేనా ఇంత దూరం వచ్చింది?"

"ఎవరిదో తెలియాల గదమ్మా."

"తెలిసింది గదా. ఇన్నేండ్లు నేను మోసింది సాలు, నువ్వు కొత్తగా ఎత్తుకోవద్దు. ఈడనే దించేయ్."

కారు ముక్కులోంచి ఆవిరి లేస్తుంటే ఆమె చూసి, దీనికీ దప్పికవుతుందా అని అడిగింది. అవుతుందని ఆయన నవ్వాడు. ఎన్ని చెంబులు తాగుతుందని ఆమె అడిగితే, రెడ్డెప్ప ఒక ఆవు తాగినన్ని తాగుతుందన్నాడు. ఆమె ఇంటివైపు నడిచింది. రెడ్డెప్ప మేకలను తోలుకురావడానికి మిట్ట దిగాడు. ఎలీషా కారు అడుగుమెట్టు మీద కూర్చుని, తలుపుకు వీపు ఆనించి, ఇంజను చప్పుడు వింటూ కళ్లు మూసుకున్నాడు.

సిద్ధమ్మ నిండు నీళ్ల దుత్తతో తిరిగి వచ్చి, దాన్ని ముందు చక్రం మీది రేకు మీద పెట్టి పిలిచింది. రెండోసారి పిలిచింది. ఆ తరువాత పిలవలేదు. ఆయన ముందు నేల మీద కూర్చుని, జిడ్డు పట్టిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

ఇంజను ఇంకా నడుస్తోంది. దాని అదురుకు దుత్తలోని నీళ్ల మీద సన్నని వలయాలు అంచు నుంచి నడిమికి పరుగెత్తుతున్నాయి. కొంతసేపటికి ఇంజను దగ్గింది, మళ్లీ దగ్గింది, పెట్రోలు అయిపోయి ఆగింది. వలయాలు ఒకటొకటిగా సన్నగిల్లి, రేకు మీద ఆ మట్టి దుత్త, అంచుదాకా నీళ్లతో, కదలకుండా నిలిచింది.