మేస్త్రి చేతుల వాసన

పొద్దుటి నుంచి మేస్త్రి ఉప్పుకాగితమే పట్టుకున్నాడు. బీరువా తలుపును మోకాళ్లకు ఆనించుకుని, చెక్క గీతల వెంబడే నిదానంగా రుద్దుతున్నాడు. నెరిసిన కనుబొమల మీద పొడి పేరుకుంది. స్పిరిట్ డబ్బా, పాలిష్ పట్టే గుడ్డ ఉండను దాచుకునే చిన్న రేకు డబ్బా, రెండూ మూతలు బిగించి గోడవారగా ఉన్నాయి. పాలిష్ ఎప్పుడు మొదలుపెడతావని షాపు యజమాని అడిగితే, ఈ రోజుకు పొడిపనే చేస్తానని, రేపు పెందలాడే వచ్చి సరిపెడతానని బతిమాలుకున్నాడు. ఎందుకని యజమాని అడగలేదు, మేస్త్రి చెప్పలేదు. సాయంత్రం మీటింగ్ ఉంది.

తాగుడు మానుకున్నవాళ్లు, మానుకోవాలనుకునేవాళ్లు వారానికోసారి కూడే మీటింగ్ అది. ఏడాది కిందట దాన్ని వెతుక్కోవడమే ఓ ప్రహసనం అయింది. ఆస్పత్రిలో నర్సు ఫలానా మేడ మీద గది అని చెప్పి పంపింది గానీ, ఆ మేడ మీద రెండు గదులున్న సంగతి చెప్పలేదు. మేస్త్రి మొదటి గదిలో కూర్చున్నాడు. ఒక టీచరమ్మ లేచి, ఇంట్లోవాళ్ల కన్నుగప్పి దొంగలా వంటింట్లోకి దూరతానని, వద్దు వద్దనుకుంటూనే ఆపుకోలేకపోతున్నానని ఏడిస్తే, అచ్చం నా కథే అనుకుని తనూ కళ్లొత్తుకున్నాడు. తీరా చివర్లో అందరినీ బరువు తూచే మిషను ఎక్కించారు. వెదురుబద్దలాంటి మేస్త్రి దాని మీద నిలబడేసరికి గదంతా తెల్లబోయింది. అది ఒళ్లు తగ్గాలనుకునేవాళ్ల గది. ఆ టీచరమ్మే నవ్వాపుకుంటూ తీసుకెళ్లి పక్క గదిలో దిగబెట్టింది.

పక్క గదిలో నవ్వులాట లేదు. అక్కడ మీటింగ్ నడిపేది రిటైరైన బస్సు డ్రైవరు. అందరూ పెద్దాయన అంటారు. ఆయన పెట్టిన నియమం ఒకటే. ఆ రోజు తాగి వచ్చినవాళ్లను వెళ్లగొట్టరు, కూర్చోనిస్తారు, కానీ మాట్లాడనివ్వరు. మేస్త్రిదేమో లక్కను స్పిరిట్‌లో కరిగించి కర్రకు పట్టించే పని. ఆ వాసన గోళ్ల సందుల్లో, చొక్కా కుట్లలో స్థిరపడిపోయింది. తాగలేదండీ, పాలిష్ పని అని చెప్పుకున్నాడు. అక్కడివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకప్పుడు తాగొచ్చి, వాళ్లలోని పెయింటరు థిన్నర్ వాసనన్నాడు, కాంపౌండరు మందు ఒలికిందన్నాడు, పెద్దాయన అంతటివాడే డీజిల్ అని దబాయించాడు. అలాంటి సాకుల్లో పండిపోయినవాళ్లు మరి.

"పర్లేదు, కూర్చోండి. ఈ రోజుకు వినండి," అన్నాడు పెద్దాయన.

ఆ మాట వారం వారం వింటూ ఏడాది గడిపేశాడు. కిటికీ పక్కన, అందరికీ కాస్త ఎడంగా ఉన్న కుర్చీ అతనిదైపోయింది. పదే పదే చెప్పుకుంటే మరీ అబద్ధంలా ఉంటుందని ఊరుకున్నాడు. మానేద్దామనీ అనిపించేది. కానీ అక్కడ విన్న మాటలే వారమంతా అతనికి కాపు కాసేవి. ఒకప్పుడు ఇంకేమీ దొరక్క, పాలిష్ స్పిరిట్‌లోనే నీళ్లు కలుపుకుని తాగి చావు తప్పించుకున్న మనిషి, ఇప్పుడు అదే డబ్బా పక్కన పొద్దస్తమానం కూర్చుని కూడా చుక్క నోట పోసుకోవడం లేదు. ఈ సంగతి అర్థమయ్యేవాళ్ల ముందు ఒక్కసారి నోరారా చెప్పుకోవాలి. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. చెప్పకుండానే పోతానేమోనన్న భయం పట్టుకున్నాక గానీ, ఒక రోజు పాలిష్ ముట్టకుండా ఉంటే సరిపోతుందన్న ఉపాయం తట్టలేదు.

పని దిగాక ఇంటికెళ్లి, చేతులు ఎర్రబడేదాకా తోముకుని, తలంటుకుని, పనికి ఎప్పుడూ వేసుకోని తెల్ల చొక్కా తొడిగాడు. భార్య రోజూ చూసినట్టే మొహం దగ్గరకొచ్చి ఊపిరి చూసింది.

"ఈ రోజైనా చెప్పి రండి," అంది.

గదిలో పెద్దాయన దగ్గరగా వచ్చి, గాలి పీల్చి, ఆగిపోయాడు. మొహం విప్పారింది. "మేస్త్రీ, ఈ రోజు మీరు మాట్లాడండి."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. తలుపులు రుద్దుతూ ఇన్నాళ్లూ మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"నేను ఈ రోజు తాగలేదండీ," అన్నాడు.

చప్పట్లు మోగాయి. కాంపౌండరు వచ్చి కౌగిలించుకున్నాడు. మొదటి రోజే కష్టమని, అది గడిచిందంటే ఇక భయం లేదని అంటూ పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. వాళ్లంత సంతోషంగా ఉండగా కాదనడానికి మేస్త్రికి నోరు రాలేదు. మిగతాది వచ్చే వారం చెప్పుకోవచ్చులే అనుకుని దణ్ణం పెట్టి కూర్చున్నాడు.

మర్నాడు పెందలాడే వెళ్లి బీరువా తలుపుకు మొదటి పూత పట్టించాడు. యజమాని టీ తెచ్చేసరికి గోడకు ఆనుకుని, కునుకు తీస్తున్నట్టే ఉన్నాడు. గుండె ఆగిపోయిందన్నారు.

పెద్దాయన పరామర్శకు వచ్చాడు. ఒక్క రోజైనా తాగకుండా వెళ్లాడమ్మా, అదే తృప్తి అని ఓదార్చబోయాడు.

"ఒక్క రోజేంటి అన్నయ్యా, మానేసి ఏడాది దాటింది. చేతుల వాసన వేరు, నోటి వాసన వేరు. ఇన్నాళ్లలో మీలో ఒక్కరూ ఆయన దగ్గరగా కూర్చోలేదా?"

భార్య కోపంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. పెద్దాయనకు సిగ్గుతో తల లేవలేదు. షాపు నుంచి పంపిన సామాను గోడవారగా ఉంటే, అందులోంచి రేకు డబ్బా తీసుకుని మూత తెరిచాడు. ఏడాదిగా కిటికీ పక్క నుంచి వచ్చిన వాసనే గుప్పుమంది. లోపల లక్క రంగు పట్టిన గుడ్డ ఉండ, వేళ్లు నొక్కిన గుంటలతో, ఇంకా మెత్తగానే ఉంది.